నవ్వుల క్లబ్బు, ఎండ్రకాయలు

మా ఆయన బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరైన మూడో వారంలో ఆనందాన్ని కనిపెట్టారు. అది మా ఇంట్లో లేదన్న సంగతి కూడా ఆయనకు అప్పుడే తెలిసింది. మనిషి సుఖంగా ఉండాలంటే దినచర్య ఉండాలని ఫోన్లో ఎవరో గడ్డపాయన చెప్పాడట.

నాకు దినచర్య లేక కాదు. ఐదింటికి లేచి, ఇల్లూడ్చి, వంట చేసి, క్యారేజీ కట్టుకొని, ఆటో పట్టుకొని హైస్కూలుకు పోయి, ఆకులు అన్నం ఎలా వండుకుంటాయో తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పి, సాయంత్రం ఇంటికొచ్చి మళ్ళీ మా అన్నం వండేదాన్ని. అయితే దాన్ని దినచర్య అనరట. దినచర్యకు చార్టు ఉండాలట.

ఫ్రిజ్ తలుపు మీద చార్టు వెలిసింది. నా స్కెచ్ పెన్నులతోనే రాశారు. నాలుగూ ముప్పావుకు నిమ్మకాయ పిండిన వేడినీళ్ళు. ఐదింటికి కృతజ్ఞత. ఐదున్నరకు సముద్రతీరాన నవ్వు. ఆరున్నరకు మొలకెత్తిన పెసలు. ఆ పెసలు నానబోసేదెవరో, నీళ్ళు కాచేదెవరో చార్టులో రాయలేదు. అంత చిన్న విషయాలు ఆనందంలోకి రావు కాబోలు.

కృతజ్ఞతకు ఇద్దరికీ చెరొక నోటు పుస్తకం కొన్నారు. రోజూ మూడు మంచి విషయాలు రాయాలి. మొదటి రోజు నేను ఇలా రాశాను: "ఒకటి, కరెంటు పోలేదు. రెండు, గ్యాసు బండ వచ్చింది. మూడు, ఆయన ఇంకా లేవలేదు." అది చదివి ఆయన రెండు రోజులు ముభావంగా ఉన్నారు. మూడో రోజు నుంచి నా నోటు పుస్తకం పాలవాడి లెక్కకు పనికొచ్చింది.

నవ్వు నుంచి మాత్రం తప్పించుకోలేకపోయాను. మాది తోటపల్లి గూడూరు దగ్గర ఊరు. స్కూటర్ మీద పది నిమిషాలు పోతే సముద్రం. ఆయన ఊళ్ళో తిరిగి, బీపీ ఉన్నవాళ్ళనూ, షుగరున్నవాళ్ళనూ, రెండూ ఉన్నవాళ్ళనూ ఆరుగురిని పోగేశారు. అందరూ రిటైరైన మగవాళ్ళే. ఆడవాళ్ళకు ఆ సమయంలో వంటింట్లో పనుంటుంది కదా! నన్ను మాత్రం ఆదర్శంగా ఉండాలని లాక్కుపోయారు.

తెల్లవారుతుండగా ఏడుగురు మగవాళ్ళు, నేను, ఇసుకలో గుండ్రంగా నిలబడ్డాం. మా ఆయన ఈల ఊదారు. అందరూ చేతులు పైకెత్తి "హా హా హా" అన్నారు. మళ్ళీ ఈల. నడుం మీద చేతులు పెట్టుకొని "హో హో హో" అన్నారు. కరువు ప్రాంతం చూడ్డానికొచ్చిన అధికారుల్లా ఉన్నాయి మొహాలు. నేను పెదాలు మాత్రం కదిపాను. ప్రార్థన సమయంలో మా స్కూలు పిల్లలు చేసేదే.

అక్కడికి పది బారల దూరంలో పడవలు ఒడ్డుకొచ్చి ఉన్నాయి. ఒకావిడ కాళ్ళు చాపుకొని కూర్చుని, వలలో చిక్కిన వాటిని ఒక్కొక్కటే విడదీస్తోంది. అరవై ఏళ్ళుంటాయి. మా గుంపును చాలాసేపు చూసి, నన్ను చెయ్యూపి పిలిచింది. వెళ్ళాను.

"ఏంది మేడమ్మా, మీ వాళ్ళకేమైనాది? ఎవురన్నా పోయినారా?" అని గొంతు తగ్గించి అడిగింది.

"లేదక్కా. నవ్వతా ఉండారు."

"ఎందుకు?"

"ఆరోగ్యానికి."

ఆమె మళ్ళీ వాళ్ళ వైపు చూసింది. "అయ్యో పాపం. ఆస్పత్రికి పోతే మందులియ్యలేదా?"

నాకు నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. ఇసుకలో కూలబడి, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వాను. మా ఆయన పరుగెత్తుకుంటూ వచ్చారు. "చూసినావా! పద్ధతి పనిచేస్తా ఉంది!" అని మిగతావాళ్ళను పిలిచి చూపించారు. వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒక మనిషి సంతోషాన్ని చెడగొట్టడానికి నాకేం హక్కుంది?

మరునాటి నుంచి గుంపులో హాజరు వేయించుకొని ఆమె దగ్గరికి పోయి కూర్చునేదాన్ని. రెండో రోజే ఆమె వల అంచు నా ఒళ్ళో పడేసింది. "కూకోని ఊరికే ఉంటే ఏమొస్తాది? తియ్యి."

తియ్యాల్సింది ఎండ్రకాయల్ని. మేమలాగే అంటాం, పుస్తకాల్లో పీతలంటారు. అవి వల కన్నుల్లో, అంటే దారాల మధ్య సందుల్లో, కాళ్ళన్నీ మెలేసుకొని పడుంటాయి. లాగితే వల తెగుతుంది, వదిలితే ఎండ్రకాయ మన వేలు పట్టుకుంటుంది. ఒక్కో కాలూ వచ్చిన దారినే వెనక్కి తియ్యాలి. పాతికేళ్ళుగా పిల్లలకు సైన్సు చెబుతున్న నన్ను మొదటి ఎండ్రకాయ రక్తం కారేట్టు కరిచింది. "దానికి నీ చదువు తెలవదు గదమ్మా," అని ఆమె పసుపు రాసింది.

వారం తిరిగేసరికి వేళ్ళకు అలవాటైంది. రోజూ అరగంట. ఆ అరగంటలో మొలకల గురించీ, పదో తరగతి ఫలితాల గురించీ ఆలోచించేదాన్ని కాదు. ఈ కాలు ఎటు పోయిందా, అంతే. ఒకరోజు అడిగాను.

"రోజూ ఇదే పని గదక్కా. నీకు బోరు కొట్టదా?"

"బోరా? మా ఇంటికాడ రెండేండ్ల కిందటే కొట్టించినాం. ఉప్పునీళ్ళు పడినాయి," అంది.

నా చేతులు నీచువాసన కొడుతున్నాయని మా ఆయన ఫిర్యాదు చేశారు. క్లబ్బు క్రమశిక్షణ తప్పుతున్నానని గ్రూపులో పేరు చెప్పకుండా మెసేజీ పెట్టారు. ఆ గ్రూపులో ఆడమనిషిని నేనొక్కదాన్నే కాబట్టి, ఎవరిని అన్నారో కనుక్కోవడానికి పెద్దగా కష్టపడలేదు.

చలి మొదలయ్యాక క్లబ్బు పలచబడింది. ఒకాయనకు జలుబు. ఒకాయన ఇంకొకాయనను నవ్వు గట్టిగా లేదన్నాడు, ఆయన అలిగి రావడం మానేశాడు. ఆనందం విషయంలో మాట పడటానికి ఎవరూ సిద్ధంగా లేరు. చివరికి ఒకరోజు మా ఆయన ఒక్కరే మిగిలారు.

అయినా ఈల ఊదారు. చేతులెత్తి సముద్రం వైపు తిరిగి "హా హా" అన్నారు. మూడో హా రాలేదు. చేతులు దించి, అలాగే నిలబడిపోయారు. ముప్పై ఏళ్ళు నలుగురి మధ్య కౌంటర్లో కూర్చున్న మనిషి. పొద్దున లేస్తే ఎవరూ ఆయన కోసం ఎదురుచూడని రోజులు ఎన్నయ్యాయో ఆ వీపు చూశాకే నాకు తట్టింది. చార్టును అన్నిసార్లు వెక్కిరించినదాన్ని, ఆయనకు అదెందుకు కావాల్సి వచ్చిందో ఒక్కసారీ అడగలేదు.

"అయ్యని గూడా రమ్మనుమ్మా. ఒగడే నిలబడి నవ్వతా ఉంటే సూసేదానికి బాగలేదు," అంది ఆమె.

పిలిచాను. వచ్చారు. ప్యాంటు నలుగుతుందని రుమాలు పరుచుకొని కూర్చున్నారు. వల పట్టుకొని, మనసును ఒకే పని మీద నిలపడం ఎంత గొప్ప సాధనో ఆమెకు వివరించడం మొదలుపెట్టారు. ఆమె కాసేపు ఓపిగ్గా వింది.

"అయ్యా, మాటలాపి ఆ ఎండ్రకాయ సంగతి సూడు. నీ యేలి కాడికి వస్తా ఉండాది."

నోరు మూసుకొని తల వంచారు. మా పెళ్ళయ్యాక మెలకువగా ఉండి ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండటం నేను చూడలేదు. రెండు వల కన్నులు తెంపి, ఒక ఎండ్రకాయను విడిపించి, బ్యాంకులో ప్రమోషన్ వచ్చినట్టు పైకెత్తి చూపించారు. తెంపిన కన్నులకు ఆమె తిట్టింది. కస్టమర్లు తిట్టినప్పుడు కూడా ఆయన అంత సంతోషంగా తల ఊపి ఉండరు.

మర్నాడు చార్టులో "నవ్వు" కొట్టేసి "వల చికిత్స" అని రాశారు. నేను అడ్డు చెప్పలేదు. పెసలు మాత్రం ఇకనుంచి మీరే నానబోసుకోండి అన్నాను. నానబోస్తున్నారు. సగం రోజులు మర్చిపోతారు, ఆ రోజుల్లో ఇడ్లీ తింటాం.

మొన్న తుపాను హెచ్చరిక వచ్చి పడవలు వేటకు పోలేదు. వల లేదని తెలిసీ ఇద్దరం ఎప్పటి వేళకే లేచాం. కాసేపు వంటింట్లో కూర్చున్నాం. తర్వాత ఆయనే స్కూటర్ తాళాలు తీసుకున్నారు. ఒడ్డుకు పోతే, పైకి లాగిపెట్టిన పడవ చాటున ఆమె గోనెసంచి పరుచుకొని కూర్చుని ఉంది.

"ఇయ్యాల వల లేదు గదా. యాడికొచ్చినారు?" అంది.

"నువ్వెందుకొచ్చినావక్కా?" అన్నాను.

ఆమె కొంచెం జరిగి, సంచి మీద మాకు చోటిచ్చింది. గాలి బాగా వీస్తోంది. మా ఆయన ఏదో చెప్పబోయి, సముద్రం వైపు చూసి ఊరుకున్నారు.