మెట్ట తాతకి మొక్కిన జుత్తు

మొన్న ఆదివారం మా కోడలు మనవరాలికి తలంటి, తువ్వాలుతో జుత్తు తుడిచి, ప్రమిదలాంటి చిన్న నల్లటి కప్పొకటి అంటించి మంచం పక్కన పెట్టింది. కప్పు సాంబ్రాణి అట. నిప్పులు అక్కర్లేదు, విసనకర్ర అక్కర్లేదు, అగ్గిపుల్ల గీసి వదిలేస్తే దానంతటదే పొగ పెట్టుకుంటుంది. ఇలాంటి సుఖాలంటే నాకు మొదటినుంచీ కాస్త ఒళ్లుమంట. అందులో సగం సెంటు వాసనే. అయినా ఆ పొగ వంటింట్లోకి వచ్చేసరికి చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నదాన్ని అలాగే ఆగిపోయాను. విజయనగరంలో మూడో అంతస్తులో ఉన్నానన్న సంగతే మరిచిపోయాను. కోటబొమ్మాళి అవతల మా ఊళ్లో మా పెరడు, బోర్లించిన వెదురు గంప, గంప కింద కుంపట్లో నిప్పుల మీద చిటపటలాడే సాంబ్రాణి, గంప మీద జుత్తు పరిచి పడుకుని వీధి చివరిదాకా వినబడేలా ఏడుస్తున్న మా తమ్ముడు పకీరు, అన్నీ కళ్ల ముందుకొచ్చాయి.

తమ్ముడే, పొరపాటు రాయలేదు. ఆడపిల్లనైన నాకు ఎలకతోకంత జడ, వాడికి భుజాలు దాటిన ఒత్తయిన ఉంగరాల జుత్తు. దేవుడి పక్షపాతం ఎలా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. నా తరవాత అమ్మకి ఇద్దరు పుట్టి పురిట్లోనే పోయారు. వీడు కడుపులో పడగానే మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, కోడల్ని వెంటబెట్టుకుని ఊరి తూర్పున ఉన్న మెట్ట ఎక్కి, బిడ్డ నిలిస్తే అక్కడి తాత పేరు మీద పకీరనే పెడతాననీ, మూడో ఏట పుట్టువెంట్రుకలు అక్కడే తీయిస్తాననీ మొక్కింది. అంతవరకూ ఆ తలకి కత్తెర తగలకూడదు.

మెట్ట అంటే పెద్ద కొండేమీ కాదు. చుట్టూ జీడిమామిడి తోటలు, ఎండాకాలం వస్తే మగ్గిన జీడిపళ్ల పులుపు వాసన, ఆ రసం కారి మరకలు పడ్డ మా గౌన్లు, ఆ మరకలు వదలక అమ్మ తిట్టే తిట్లు, వానాకాలంలో ఎర్రమట్టి జారుడు మీద మేం తాటిమట్టలెక్కి సర్రున కిందికి జారే ఆట. మెట్ట మీద పెంకుటి కప్పు, మట్టిగోడ, లోపల ఆకుపచ్చ గుడ్డ కప్పిన గద్దె, తల దగ్గర దీపపు గూడు. ఆ గద్దె కింద ఉన్నది పీరు అని సాయిబులనేవారు, సమాధైన జోగి అని మావాళ్లనేవారు, ఎవరనుకున్నా పిలవడం మాత్రం మెట్ట తాత అనే పిలిచేవారు. ఆవు ఈనితే జున్నుపాలు ముందు తాతకి, కళ్లంలో కొత్త ధాన్యం ముందు తాతకి. లక్ష్మివారం సాయంత్రం ఊరంతా ఎక్కితే, ఆ చోటు చూసుకునే మీరా సాయిబు నెమలీకల కట్టతో తలల మీద తట్టి, నుదుట ఇంత బూడిద రాసి, దోసిట్లో వేయించిన శనగపప్పూ బెల్లం ముక్కా పెట్టేవాడు. ఆ బెల్లం కోసం నేను రెండోసారి తల వంచుకుని వరసలో నిలబడేదాన్ని. ఏటా తాత పండక్కి గంధం మా అరుగు మీదే అరగదీసేవాళ్లు, ఆ గంధపు ముంత నెత్తిన పెట్టుకుని నడిచేది మీరా సాయిబు ఇంటివాళ్లు.

మీరా సాయిబు పెళ్లాం బూబమ్మ బొంతలు కుట్టేది. పాత చీరలు నాలుగైదు దొంతరగా పరిచి, మా వీధరుగు మీద కూర్చుని చీమల బారులాంటి కుట్లు వేస్తూ, మామ్మతో ఊళ్లో సంగతులన్నీ ఏకరువు పెట్టేది. తమ్ముడి ఉయ్యాల్లో వేసిన బొంత కూడా ఆమె కుట్టిందే. మొక్కు మొక్కిన రోజున ఆమె అక్కడే ఉంది. పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు బిడ్డ మేనమామ ఒళ్లో కూర్చోవాలి కదా, మా అమ్మకేమో అన్నదమ్ముల్లేరు, ఎలాగని మామ్మ అంటుంటే, బూబమ్మ తన కొడుకుని ముందుకు తోసింది.

"నేకపోడమేటి? నా జిలానీ లేడా. ఆడే మేనమావ. తాత కాడ సెప్పినాను, మరి తిరుగులేదు."

అలా జిలానీ మాకు మావైపోయాడు. ఆయనకీ మా సింహాచలం చిన్నాన్నకీ అంతకు ముందునుంచే ఒకే కంచంలో తినేంత స్నేహం. వంశధార కాలవలో ఈతలకీ, తోటల్లో జీడిగింజలు కాల్చుకోవడానికీ ఇద్దరూ కలిసే. ఇప్పుడు చుట్టరికం కూడా కలిసిందని "ఒరే బావ" అంటే "ఒరే బావ" అని ఊరంతా తిరిగేవాళ్లు.

తమ్ముడికి మూడో ఏడు వచ్చే ముందు తుఫాను వచ్చింది. మా వైపు తుఫాను అంటే చెప్పక్కర్లేదు. మా పెంకులూ తాత పెంకులూ కలిసి ఎగిరాయి, మెట్ట మీద మట్టిగోడ నానిపోయి కూలిపోయింది. కూలిన గోడ మళ్లీ కట్టడం దగ్గర వచ్చింది తంటా. పచ్చరంగు వేసి గుమ్మటం కట్టాలని సాయిబుల కుర్రాళ్లు, కాదు చిన్న గోపురమెత్తి వాకిట్లో త్రిశూలం పాతాలని మా కుర్రాళ్లు. తాత ఎవరివాడన్న మాట మా ఊళ్లో అప్పుడు పుట్టింది. ఒకరోజు మాటా మాటా పెరిగి, ఎవరో గద్దె మీది గుడ్డ లాగారు, ఇంకెవరో రాళ్లు తీశారు, జిలానీ మావ నుదురు చిట్లి చొక్కా అంతా రక్తమైంది. అది ఎవరి చేతి రాయో ఎవరూ చూడలేదు. ఊరు మాత్రం చిన్నాన్న పేరు చెప్పింది, ఆయన కాదనలేదు, అన్నం మాత్రం మానేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తాసీల్దారు వచ్చి చుట్టూ ముళ్లకంచె వేయించి, ఇనప గేటు పెట్టించి, మీలో మీరు తేల్చుకునేదాకా ఎవరూ లోపలికి పోకూడదని రెండువైపులవాళ్ల చేతా చెరో తాళం వేయించాడు. సాయంత్రం దీపం ఒక్కటీ పెట్టుకోవచ్చన్నాడు. దీపానికి మగాళ్లని పంపితే వత్తి వెలిగేలోపు తలలు పగులుతాయని పెద్దలకి భయం వేసి, మా వైపు తాళంచెవి మామ్మకీ, వాళ్ల తాళంచెవి బూబమ్మకీ ఇచ్చారు.

అప్పటినుంచీ పొద్దు వాలేసరికి మామ్మ తమ్ముణ్ణి చంకనేసుకుని, నా చేతికి నూనె గిన్నె ఇచ్చి మెట్ట ఎక్కేది. అవతలి దారిన బూబమ్మ ఎక్కేది. ఒక తాళం తీస్తే గేటు రాదు కాబట్టి ఎవరు ముందొచ్చినా రెండోవాళ్ల కోసం నిలబడక తప్పదు. ఒకరు తాళం తీస్తుంటే ఇంకొకరు తోటల వైపు చూసేవారు. బూబమ్మ నూనె పోసేది, మామ్మ వత్తి ముట్టించేది, బయటికొచ్చి చెరో తాళం వేసి చెరో దారిన దిగిపోయేవారు. ఒక్క మాట లేదు. గలగలమని మాట్లాడుకునే ఇద్దరు ఆడవాళ్లు అలా మూగనోము పట్టడం చూస్తే నాకు ఏడుపొచ్చేది. దారిలో మామ్మని ఏమైనా అడిగితే "నడు, నడు, సీకటి పడతాది" అని కసిరేది.

ఈ లోగా తమ్ముడి జుత్తు మాత్రం ఎవరి గొడవా పట్టకుండా పెరుగుతూనే ఉంది. మూడో ఏడు దాటితే మళ్లీ ఐదో ఏడు దాకా తీయకూడదు. వీధిలో పిల్లలు వాణ్ణి "పకీరమ్మా" అని ఏడిపించేవారు, నేను వాళ్ల వెంట పడేదాన్ని. చిక్కులు పడి, చెమట పట్టి, కొసలు గుచ్చుకుని వాడి కళ్లు ఎర్రగా పుసికట్టేవి. అమ్మ దాక్కుని ఏడ్చేది. ముందు పోయిన ఇద్దరూ ఆమెకి గుర్తొచ్చేవారు, మొక్కు తప్పితే వీడికేమవుతుందోనన్న బెంగతో నిద్రలో కూడా వాణ్ణి తడుముకునేది. కత్తెర కనిపిస్తే తీసి దాచేసేది.

మావాళ్లలో కొందరు మామ్మ దగ్గరకొచ్చి, డప్పులతో ఊరేగి వెళ్లి తల తీయిద్దాం, దాంతో ఆ చోటు మనదని తేలిపోతుందని ఉత్సాహంగా చెప్పారు. మామ్మ చేట చేతిలో పట్టుకునే లేచింది.

"నానెళ్లేది మొక్కు తీర్సుకోడానికిరా. మీ దెబ్బలాటకి నా మనవడి జుత్తే దొరికినాదేటి? ఎల్లండి."

ఒకరోజు గేటు దగ్గర బూబమ్మ తాళం తీస్తూ తీస్తూ ఆగిపోయింది. తమ్ముడు పిడికిళ్లతో కళ్లు నులుముకుంటూ రాగం తీస్తున్నాడు. ఆమె కాసేపు చూసింది, ఇక పట్టలేకపోయింది.

"ఏటే అలా నిలబడిపోనావు? గుంటడి కళ్లల్లో జుత్తు పడి పోతంటే నీకు అగుపడ్డంలేదేటి?"

"అగుపడతన్నాది. నన్నేటి సెయ్యమంటావు?" అంది మామ్మ. ఎన్నాళ్లకో విన్న ఆ రెండు మాటలకీ నేను నూనె గిన్నెతో ఇంకాస్త దగ్గరికి జరిగాను. "మొక్కు నీకు తెల్దా? మేనమావ ఎవుడో నీకు తెల్దా?"

బూబమ్మ తాళం వదిలేసి దగ్గరికొచ్చింది. చీర చెంగు అంచు పర్రున చింపి, వాడి జుత్తు నడినెత్తికి ఎత్తి కట్టేసింది. మర్నాడు దువ్వెనా కొబ్బరినూనే తెచ్చింది. దీపం పెట్టాక ఇద్దరూ గుమ్మంలో కూర్చుని, ఒకరు వాణ్ణి పట్టుకుంటే ఒకరు చిక్కు తీసేవారు. మొదట జుత్తు గురించే మాట్లాడుకున్నారు, తరవాత మోకాళ్ల నొప్పుల గురించి, తరవాత జిలానీ నుదుటి కుట్ల గురించి, చిన్నాన్న అన్నం సహించకపోవడం గురించి. బూబమ్మ ఏడ్చింది, మామ్మ కూడా ఏడ్చింది, మధ్యలో తమ్ముడు హాయిగా నిద్రపోయాడు.

చివరికి మామ్మ అంది, "రెండు తాళంసెవులూ మన కాడే ఉన్నాయి గదే."

"ఉన్నాయి," అంది బూబమ్మ. "నా కొడుకొస్తాడో రాడో, అదే నాను సెప్పనేను."

దొంగతనంగా చేసే రకం కాదు మామ్మ. వచ్చే లక్ష్మివారం పొద్దున్నే పకీరుకి తల తీయిస్తున్నామని, డప్పుల్లేవు, జెండాల్లేవు, చూడాలనుకున్నవాళ్లు రావచ్చని రెండు వీధుల్లోనూ ఇంటింటికీ తనే తిరిగి చెప్పింది. ఆ రోజు మెట్ట మీద ఊరంతా ఉంది గానీ ఇటువాళ్లిటు, అటువాళ్లటు. మంగలి గుమ్మం ముందు పీట వేసుకుని కత్తి నూరుతూ కూర్చున్నాడు. అమ్మ తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకుని దారివైపే చూస్తోంది. ఎండ ఎక్కుతోంది. మేనమామ పీట ఖాళీగా ఉంది. పీట మీద ఎవరో ఒకరు కూర్చుంటే పోలేదా అని మావాళ్లలో ఒకాయన గొణిగితే, "తాత కాడ మాటిచ్చినాం, ఆడే రావాల," అంది అమ్మ. అమ్మ నలుగురిలో గొంతెత్తడం నేను మొదటిసారి విన్నాను.

జిలానీ మావ వచ్చాడు. నుదుట కుట్ల గాటు ఇంకా ఎర్రగానే ఉంది. తిన్నగా వచ్చి పీట మీద కూర్చుని చేతులు చాచాడు. అమ్మ బిడ్డని ఆ చేతుల్లో పెట్టింది.

కత్తి చల్లగా తగిలిందో లేదో మావాడు విశ్వరూపం చూపించాడు. కరిచాడు, రక్కాడు, మావ కడుపులో కాళ్లతో తన్నాడు. మంగలి కత్తి ఎత్తి పట్టుకుని, ఇలాగైతే తల తెగుతుందన్నాడు. అందరూ చూస్తున్నారు గానీ ఎవరూ కదలడం లేదు. అప్పుడు జిలానీ మావ తలెత్తి, గేటు చువ్వ పట్టుకుని దూరంగా నిలబడ్డ చిన్నాన్నని చూశాడు.

"ఏటలా సూస్తన్నావు బావ? ఒచ్చి కాళ్లు పట్టుకో."

చిన్నాన్న వచ్చాడు. మోకాళ్ల మీద కూర్చుని తమ్ముడి రెండు కాళ్లూ పొదివి పట్టుకున్నాడు. వాడి ఏడుపులో చిన్నాన్న ఏడుపు ఎవరికీ వినబడలేదు గానీ నాకు కనబడింది. ఉంగరాల జుత్తంతా వాళ్లిద్దరి చేతుల మీదా మోకాళ్ల మీదా రాలింది. గుండుకి మామ్మ గంధం రాసింది. మీరా సాయిబు నెమలీకలతో తట్టాడు. నాకు ఆ రోజు బెల్లం నాలుగు ముక్కలు దొరికాయి.

ఆ తరవాత గోడ సంగతి తేలడానికి ఎంతో కాలం పట్టలేదు. గుమ్మటమూ వద్దు, గోపురమూ వద్దు, ఎలా ఉండేదో అలాగే మట్టిగోడ, పెంకులు, తెల్ల సున్నం అనుకున్నారు. రెండు వీధులవాళ్లూ మట్టి తొక్కారు. తాళాలు తీసేశారు. అయినా మామ్మా బూబమ్మా ఒకరికోసం ఒకరు గేటు దగ్గర నిలబడే అలవాటు మానలేదు, కలిసే లోపలికి వెళ్లేవారు, పోయేదాకా అంతే.

ఇప్పుడు మెట్ట మీద జీడితోటలు సగం లేవు. పెంకుల చోట స్లాబు వచ్చింది, గూట్లో కరెంటు బల్బు రాత్రీ పగలూ వెలుగుతూనే ఉంటుంది, దీపం కోసం ఎవరూ మెట్ట ఎక్కక్కర్లేదు. వీధరుగుల్లేవు, బొంతలు కుట్టేవాళ్లు లేరు, బోర్లించిన గంప మా కోడలికి చెప్పినా అర్థం కాదు. పకీరుకి జుత్తే లేదు. నలభై దాటకముందే బట్టతల. అంతా తాతకే ఇచ్చేశానే అక్కా, అని నవ్వుతాడు.

పోయిన వానాకాలంలో జిలానీ మావ పోయాడు. తమ్ముడు పాతపట్నం నుంచి బయలుదేరి, వానలో బస్సులు మారి వెళ్లేసరికి ఖననం మొదలైపోయింది. తడిసిన బట్టతలతో వెనకాల నిలబడ్డాడట. చిన్నాన్న ముందే అక్కడున్నాడు, ముసలాయన, కర్ర ఊతంతో. గుంపులో ఎవరో తిరిగి చూసి, "మేనల్లుడొచ్చినాడు, దారియ్యండి," అన్నారట. అందరూ పక్కకి జరిగితే వీడు వెళ్లి మూడు పిడికిళ్ల మన్ను వేశాడు. ఆ రాత్రి ఇదంతా నాకు ఫోన్లో చెప్పాడు.

"నువ్వెవరివని ఒక్కడూ అడగనేదే అక్కా," అన్నాడు.