పాళీ మారినప్పుడల్లా ఒక గోలీ

మా బాపు ముప్పై ఆరేళ్లు సూరత్‌లో మగ్గాల మధ్య నిలబడ్డాడు. పొద్దున ఏడింటికి లోపలికి పోతే రాత్రి ఏడింటికి బయటికి, లేదంటే రాత్రి ఏడింటికి పోయి పొద్దున ఏడింటికి రావడం. ఈ పన్నెండు గంటల డ్యూటీని ఇక్కడ పాళీ అంటారు. దినపాళీలో ఎండ షెడ్డు బయట ఉంటుంది, రాత్రిపాళీ చేస్తే ఎండ ఉన్నప్పుడు మనిషి నిద్రలో ఉంటాడు. పని మానేశాక కూడా పెద్దగా మారిందేమీ లేదు. సూరత్‌లోనే ఉధ్నా బస్తీలో మేముండే కింది గది ముందర గల్లీ ఎంత ఇరుకంటే, పై అంతస్తువాళ్లు ఆరేసిన బట్టల నీళ్లు మా గడప మీద పడతాయి గానీ ఎండ పడదు. అందుకే డాక్టర్ రక్తపరీక్ష చూసి డి విటమిన్ అడుగంటిందని చెప్పినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. అలాంటివి నాకు తొందరగా వస్తాయి.

అంతకు ముందటి చలికాలం బాపుకు న్యుమోనియా వచ్చి పోయింది. వారం రోజులు ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో పడుకున్నాడు. ఆ వారం నేను మనిషిలా లేను. తర్వాత ఆయన గొంతు సవరించుకున్నా నా గుండె జారేది. డాక్టర్ వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు వేసుకోమని పెద్ద గోలీ రాశాడు. రోజూ పొద్దున వేసుకోవడానికి కాల్షియం గోలీ కూడా రాశాడు. ఎనిమిది వారాలయ్యాక మళ్లీ రమ్మన్నాడు. మేం పోలేదు. నేనూ మగ్గాల పనే. మా కార్ఖానాలో పక్క మగ్గాలు చూసే ఒకాయన, ఈ డి విటమిన్ గోలీ పడుతుంటే ముసలివాళ్లకు ఛాతీలోకి జబ్బు దిగదని ఫోన్లో ఏదో వీడియో చూపించాడు. నాకు కావలసింది అదే. డాక్టర్ మాట మరిచిపోయి వీడియో మాట పట్టుకున్నాను. గోలీ ఆపొద్దని అమ్మకు చెప్పాను.

మా ఇంట్లో మేం ముగ్గురమే. పిల్లల చదువుల కోసం నా భార్య వాళ్లతో మా సొంతూళ్లో ఉంది. కాబట్టి బాపుకు మందులు వేసేది అమ్మ. ఆమెకు చదువు రాదు. మొదట్లో రెండు ఆదివారాలు వారం గోలీ వేయడం మరిచిపోయింది. నేను గిన్నెలు ఎగిరేంత అరిచి, తర్వాత తెలివి ఉపయోగించాను. అమ్మ ఏ వారమో మరిచిపోతుంది గానీ పాళీ మరిచిపోదు. పాళీని బట్టే ఆమె ఏ పూటకు రొట్టెలు చేయాలో, ఎప్పుడు తలుపు చప్పుడు కాకుండా మూయాలో చూసుకుంటుంది. మా కార్ఖానాలో వారానికోసారి, ఆదివారం నాడే పాళీ మారుతుంది. అందుకని, "నా పాళీ మారిన రోజు బాపుకు గోలీ వెయ్యి, ఇగ మరిచిపోవు" అన్నాను. ఆమె తలూపింది. ఆ తర్వాత నాకు అరిచే పని పడలేదు.

దీపావళికి ఊళ్లకు పోయిన కారీగర్లలో, అంటే మగ్గం పనివాళ్లలో, సగం మంది తిరిగి రాలేదు. పెళ్లిళ్ల సీజను, సేఠ్‌కు మాలు కావాలి. ఉన్నవాళ్లనే అటూ ఇటూ తిప్పాడు. రెండు రోజులు దినపాళీ, రెండు రోజులు రాత్రిపాళీ, మళ్లీ దినపాళీ. జనవరి దాకా అదే వరస. నాకు నిద్రకూ మెలకువకూ తేడా తెలియలేదు. ఇంటికొచ్చి తిని పడిపోవడమే. బాపు దగ్గడం లేదని మాత్రం గమనించి సంతోషపడేవాణ్ని.

ఒకరోజు పొద్దున రాత్రిపాళీ దిగి వచ్చేసరికి బాపు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన చెంబు ఖాళీగా ఉంది.

"నాలుగు రోజుల నుంచి ఒకటే నీళ్లు తాగుతుండు," అంది అమ్మ. "ముద్ద ముట్టడు. తిన్నదంత కక్కుతుండు."

"నాకెందుకు చెప్పలె?"

"నువ్వు మెలకువ మీద ఉంటివా చెప్పనీకి?"

బాపు నా వైపు చూసి, "తమ్మీ, బండి ఎన్ని గంటలకురా?" అన్నాడు. నన్ను చూసి చనిపోయిన మా బాబాయి అనుకుంటున్నాడు. ఒళ్లు ముట్టుకుంటే చల్లగా ఉంది. ముసలివాళ్లకు జ్వరం రాకుండానే న్యుమోనియా వస్తుందని, మాటలు తడబడటమే గుర్తు కావచ్చని పోయినసారి ఆసుపత్రిలో విన్నాను. ఇదీ అదేనని అనుకున్నాను. గల్లీ చివరి డాక్టర్ యాంటిబయాటిక్ ఇచ్చాడు. రెండు రోజులు చూశాం. మూడో రోజు బాపు అమ్మను కూడా గుర్తు పట్టలేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. దారి పొడుగునా ఆయన తల నా భుజం మీద అటూ ఇటూ వాలుతూనే ఉంది. నేను ఆటోవాణ్ని తిడుతూనే ఉన్నాను, పాపం అతని తప్పేమీ లేదు.

ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. అది విని నేను ఊపిరి పీల్చుకునేలోపే రక్తపరీక్ష వచ్చింది. కాల్షియం చాలా ఎక్కువగా ఉందని, మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని, మెదడు మీద కూడా పనిచేస్తున్నది అదేనని డాక్టర్ చెప్పాడు. చిన్న వయసువాడు, మాట కటువు. డి విటమిన్ ఏమైనా ఇస్తున్నారా అని హిందీలో అడిగాడు.

"హఫ్తే మే ఏక్. పక్కా," అన్నాను, వారానికి ఒకటేనని.

"ఖాళీ పట్టీలు ఉంటే తీసుకురా. లెక్క తెలియకపోతే నాకు తోవ దొరకదు," అన్నాడు.

మా అమ్మ మెరిసేది ఏదీ పారేయదు. ఇంటికి పోయి బిస్కట్ డబ్బా మూత తీసేసరికి నాలుగేసి గోలీల పట్టీలు, ఒకదాని మీద ఒకటి సర్ది ఉన్నాయి. ఖాళీ పట్టీ చూపిస్తే మెడికల్ షాపువాడు కొత్తది ఇచ్చేవాడు, ఆమె తెచ్చుకునేది. నేను ఏనాడూ అడగలేదు. మొదటి డాక్టర్ రాసినవి రెండు పట్టీలు. డబ్బాలో పదకొండు ఉన్నాయి. నేల మీద పరిచి మళ్లీ లెక్కపెట్టాను. మళ్లీ పదకొండే, నలభై నాలుగు గోలీలు.

డబ్బా తీసుకుపోయి డాక్టర్ బల్ల మీద పెట్టాను. ఆయన పట్టీలు ఒక్కొక్కటే తిప్పి చూసి, మందు ఎవరు ఇస్తారని అడిగాడు.

నేను అమ్మ వైపు చూపించాను.

ఆయన అమ్మను తిట్టాడు. ఇది చాక్లెట్ అనుకున్నావా, మనిషిని చంపుకుంటావా అన్నాడు. న్యుమోనియా రాకూడదని ఇస్తున్నామని నేను మధ్యలో అంటే నా వైపు తిరిగాడు. లోపం ఉంటే తీర్చడానికి ఈ మందు, ఊపిరితిత్తులకు తాళం వేయడానికి కాదు, ఎక్కువ ఇస్తే ఎక్కువ కాపాడుతుందని మీకెవరు చెప్పారు అన్నాడు. నర్సులు, పక్క మంచాల వాళ్లు అందరూ చూస్తున్నారు. ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉన్న మా అమ్మకు హిందీ అంతా అర్థమవుతుంది. తల వంచుకుని నిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వరండాలోకి రాగానే నేను కూడా అందుకున్నాను. "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడగొట్టినవు. వారానికి ఒక్కటి వెయ్యమంటి గద."

అమ్మ కళ్లు తుడుచుకుని మెల్లగా అంది. "వారం అనలేదు బిడ్డా. పాళీ మారిన రోజు వెయ్యమన్నవు. మారినప్పుడల్ల ఏసిన. ఒక్కసారి గూడ మరువలె."

నిజమే, నేను చెప్పింది అదే. లోపలికి పోయి డాక్టర్‌తో ఆ ఒక్క ముక్క చెప్పి ఉండొచ్చు. పది అడుగుల దూరం. పోలేదు. సిగ్గేసింది, భయమేసింది, ఆ తిట్లు నా మీద పడకుండా తప్పినందుకు లోలోపల హాయిగా కూడా ఉంది. ఈ చివరిది రాయడానికి నాకు చాలా కాలం పట్టింది.

నాలుగు రోజులు సెలైన్ ఎక్కుతూనే ఉంది. రోజూ రక్తం తీసేవారు. కాల్షియం తగ్గుతోంది గానీ మూత్రపిండాల సంగతి ఇప్పుడే చెప్పలేమనేవారు. మతి తిరిగి వస్తుందా అని అడిగితే చూద్దాం అనేవారు. అమ్మ మంచం పక్కనే ఉంది, కానీ నర్సు మందు అందిస్తే చేతులు వెనక్కి తీసుకునేది. "నాకియ్యకు, మా పిలగానికియ్యి," అనేది. బాపు ఎవరెవరి పేర్లో పిలిచేవాడు, మా ఇద్దరి పేర్లు తప్ప. డాక్టర్ వచ్చిన ప్రతిసారీ అమ్మ లేచి గోడ వైపు జరిగేది. నేను ప్రతిసారీ చూశాను, ప్రతిసారీ ఊరుకున్నాను.

ఐదో రోజు మధ్యాహ్నం బాపు కళ్లు తెరిచి నన్ను పేరు పెట్టి పిలిచాడు. పనికి పోలేదా అని అడిగాడు. నేను మంచం పట్టీ పట్టుకుని ఏడ్చాను. మూత్రపిండాలు కూడా కోలుకుంటున్నాయని ఆ సాయంత్రం చెప్పారు.

ఇంటికి వచ్చాక ఒకనాడు అమ్మ నీళ్లకు పోయినప్పుడు బాపుకు అంతా చెప్పాను. "తప్పు అమ్మది కాదు బాపూ. నాది. నేనే అట్ల చెప్పిన," అన్నాను.

"నాకెందుకు చెప్తున్నవురా?" అన్నాడు బాపు. "నాకు అప్పుడు తెలివి లేదు. తిట్లు పడ్డది మీ అమ్మ. ఎవల ముంగట పడ్డదో ఆల్ల ముంగట చెప్పు."

పది రోజులకు మళ్లీ చూపించుకోవడానికి ముగ్గురం పోయాం. లోపల డాక్టర్ కాగితాలు చూస్తుంటే నేను హిందీలో చెప్పాను. పాళీ సంగతి, నేను పెట్టిన నియమం, ఆరోజు నేను నోరు మూసుకున్న సంగతి. మా అమ్మ నేను చెప్పినట్టే చేసిందని అన్నాను. ఆయన రాస్తున్నవాడల్లా ఆగి, అమ్మ వైపు చూసి, "మాఫ్ కర్నా, మాజీ," అని క్షమాపణ అడిగి మళ్లీ రాసుకున్నాడు. డి విటమిన్, కాల్షియం రెండూ బంద్. మూత్రపిండాలకు ఒక చిన్న గోలీ మాత్రం రాశాడు.

చీటీ నాకు ఇవ్వబోయాడు. అమ్మ చెయ్యి చాపి తీసుకుంది. బయట బెంచీ మీద కూర్చుని దాన్ని మోకాలి మీద పరుచుకుంది.

"ఈ గోలీ ఏ పూటనో చెప్పు," అంది నాతో. "జర నిమ్మళంగ చెప్పు. తెల్వకుంటె మల్ల అడుగుత, కోప్పడకు."