గుమ్మం బయట పెన్ను

మా విలేకరి గారు పోయారన్న సంగతి మంగళవారం పొద్దున్న రిపోర్టర్ల వాట్సాప్ గ్రూపులో చూశాను. కాసేపటికే దాని కింద దండం బొమ్మలు బారులు తీరాయి. డెస్కు నుంచి ఫోన్ వచ్చింది. "ఫొటో, నాలుగు లైన్లు పంపించమ్మా, త్వరగా." ఇంటికి వెళ్ళి చూశాకే పంపుతానన్నాను. అలా అనడం నేర్పింది ఆయనే.

కొవ్వూరులో ఆయనది చిన్న జిరాక్సు కొట్టు. దాంతోపాటు పేపరుకి వార్తలు రాసేవారు. మా అమ్మానాన్నలు పొలం కూలీలు. మా ఇంట్లో బడి మొహం చూసినదాన్ని నేనే. డిగ్రీ అయ్యాక టీచరు ట్రైనింగుకి అప్లై చేద్దామని సర్టిఫికెట్లు జిరాక్సు తీయించుకోడానికి వెళ్ళాను. ఆయనకి అప్పుడే కంటి ఆపరేషన్ అయింది. తాను రాసిన వార్త ఇచ్చి చదివి పెట్టమన్నారు. పింఛను ఆగిపోయిన ఒక ముసలమ్మ గురించి. చదివి, "ఇంతకీ ఈ నెలంతా ఆవిడ ఏం తిందండి?" అని అడిగాను.

ఆయన ఆ కాగితం వెనక్కి తీసుకున్నారు. "అది నేను అడగలేదమ్మాయ్. నువ్వెళ్ళి అడిగిరా."

వెళ్ళాను. టీచరు అప్లికేషన్ ఆ కొట్లోనే ఉండిపోయింది. "సండే స్కూల్లో పిల్లలకి పాఠం చెప్పేదానివి, పేపరోళ్ళతో తిరగటం ఏంటే?" అని అమ్మ చాలాకాలం సణిగింది.

చావింటికి వెళ్ళేటప్పుడు ఆయన జేబులో పెన్ను తీసి స్కూటర్ డిక్కీలో పెట్టేవారు. "పెన్ను కనపడితే ఏడుపు ఆపుకుని జవాబులు చెప్తారు. మనకోసం వాళ్ళు ఆపుకోకూడదు" అనేవారు. విన్నది బయటికొచ్చి రాసుకుని, మళ్ళీ లోపలికెళ్ళి ఇంటివాళ్ళకి చదివి వినిపించాకే పంపేవారు.

ఒక వరదలో నేను ఆ పద్ధతి తప్పాను. ఇసుక పడవ మీద పనిచేసే ఒకతను గోదావరిలో కొట్టుకుపోయాడు. మిగతా పేపర్లవాళ్ళు వార్త పంపేశారని, ఆ ఇంటికి వెళ్ళకుండానే 'మృతి' అని రాసేశాను. మర్నాడు సార్ నన్ను బండెక్కించుకుని అక్కడికి తీసుకెళ్ళారు. పేపరు చూసిన బంధువులు అప్పటికే చేరి ఏడుస్తున్నారు. అతని భార్య మాత్రం ఏడవలేదు. "మా ఆయన్ని గోదారి ఏం చేసిందో నాకు తెలీదు. మీరు మాత్రం చంపేశారండి" అంది.

ఆ మర్నాడు శవం దొరికింది. "చివరికి నేను రాసిందే నిజమైంది కదండి" అన్నాను.

"అయింది. కానీ ఆ రెండు రోజుల ఆశ ఆవిడదమ్మాయ్. నువ్వు లాగేసుకున్నావు."

ఇంకెప్పుడూ ఆయన ఆ మాట ఎత్తలేదు. నేను మరిచిపోలేదు.

మంగళవారం వాళ్ళ గేటు దగ్గర ఆయన స్కూటర్ ఉంది. డిక్కీకి తాళం ఎప్పుడూ వెయ్యరు. నా పెన్ను అందులో వేసి లోపలికి వెళ్ళాను. వరండాలో పడుకోబెట్టారు. ముందురోజు ఎవరో పోయారంటే వెళ్ళి, ఆయాసపడుతూ తిరిగొచ్చి పడుకున్నారట, మళ్ళీ లేవలేదట. చూసి, బయటికొచ్చి డిక్కీలో చెయ్యి పెడితే రెండు పెన్నులు తగిలాయి.

నాది తీసుకుని రాశాను. లోపలికెళ్ళి ఆయన భార్యకి చదివి వినిపించాను. "సీనియర్ అన్న మాట తీసెయ్యమ్మా. ఆయనకి నచ్చదు. జిరాక్సు కొట్టు సంగతి పెట్టు" అన్నారు. మార్చి, మళ్ళీ చదివి, పంపించాను.

నేను బయటికొచ్చేసరికి సన్నగా చినుకులు పడుతున్నాయి. డిక్కీ మూత వెయ్యడం మరిచిపోయాను. లోపల ఆయన పెన్ను తడుస్తోంది. దాన్ని తియ్యకుండానే మూత వేశాను.