జారే బ్రేకు, అంతయ్య ఒట్టు

రబ్బరు చెట్టుకు గాటు పెడితే పాలు కారడం కేరళలో చూశాను. రబ్బరు గురించి లావుపాటి పుస్తకాలూ తిరగేశాను. కానీ రబ్బరు తన మాట వినేలా చేసినవాణ్ణి ఒక్కణ్ణే ఎరుగుదును. చైతన్యపురిలో హాస్టళ్ల గోడవార సైకిళ్లు బాగుచేసే అంతయ్య.

వాళ్లది పోచంపల్లి దగ్గర నేతపని ఇల్లు. అక్కడ నూలుకు రంగు వేసేముందు, రంగు అంటకూడని చోట పాత సైకిల్ ట్యూబును సన్నగా కోసి బిగించి కడతారు. అంతయ్య చిన్నతనమంతా ఆ ముడుల్లోనే గడిచింది. పట్నం వచ్చాక బెల్లు వదులైనా, మడ్‌గార్డు ఊగినా అదే రబ్బరు, అదే ముడి.

"రంగే దూరని కట్టు నాది. గీ ఇనుము యాడికి జారుతది?" అనేవాడు.

2011లో సకల జనుల సమ్మెకు బస్సులు ఆగిపోయాయి. ఎల్బీనగర్‌లో ఉండే బాపిరాజు, ఇళ్లకు వెళ్లి లెక్కలు చెప్పే మాస్టారు, గేర్ల సైకిల్ కొన్నాడు. వారం తిరక్కుండానే దాని బ్రేకు లీవరు వదులైంది. నొక్కితే హ్యాండిల్ చుట్టూ కిందికి తిరిగేది. లీవరు వంగి దండం పెట్టేది, సైకిల్ మాత్రం తన దారిన పోయేది.

అంతయ్య హ్యాండిల్‌కు రబ్బరు చుట్టి, దానిమీద లీవరు పట్టీ బిగించాడు. ఆదివారానికి మళ్లీ జారింది.

"ఏమయ్యా, ఆంధ్రావాణ్ణని వదులుగా బిగిస్తున్నావా?" అన్నాడు బాపిరాజు.

"బ్రేకుకేం ఎర్క సారూ, ఎవలు యాడోల్లని? మీరు కిందవడితే పోయేది నా పేరే గద."

టీ బండి దగ్గరివాళ్లు కిసుక్కున నవ్వారు. అంతయ్యకు రోషం వచ్చింది. ఇంకో చుట్టు రబ్బరు వేసి బిగించి, అందరూ వినేలా ఒట్టేశాడు. "మల్ల జారితే నా జిందగీల పానా పట్ట."

నట్లు తిప్పే ఆ పానాయే అతనికి అన్నం పెట్టేది.

మరుసటి ఆదివారం బాపిరాజు సైకిల్‌ను నడిపించుకుంటూ వచ్చాడు. అంతయ్య పట్టీ కిందనుంచి తొంగిచూస్తున్న రబ్బరు కొస గిల్లి వాసన చూశాడు. ఉబ్బి, జిగటగా ఉంది. నువ్వుల నూనె వాసన.

"శనివారం శనివారం ఏం జేస్తరు సారూ మీ ఇంట్ల?"

మాస్టారికి తెలియదు. ఇద్దరూ ఎల్బీనగర్ నడిచారు. బాపిరాజు భార్య శేషారత్నం గుడ్డా నూనెగిన్నే పట్టుకుని కిటికీ ఊచలు తుడుస్తోంది. తుప్పుకు జడిసి కత్తులకు నూనె పూయించిన రాజుల గురించి చదివాను గానీ, వాళ్లెవరూ ఈవిడ ముందు చాలరు.

"మా నరసాపురంలో ఉప్పుగాలికి ఇనుం వారంలో తినేస్తుందయ్యా. నిన్న సైకిల్‌తోనే సరిపోయింది, ఊచలు ఇవాళ్టికి మిగిలాయి" అంది. ఆవిడ నరసాపురం వదిలి ఇరవై రెండేళ్లు.

"గీడ సముద్రం యాడిది అమ్మా? ఉన్నది మూసీ."

"ఆ గాలి మాత్రం మంచిదా?"

అంతయ్య జేబు చూపించి, పానాను బాపిరాజునే తీసుకోమన్నాడు. "నేను పట్టనని ఒట్టేసిన. మీరే ఇప్పుండ్రి."

మాస్టారు పట్టీ విప్పాడు, రబ్బరు పీకేశాడు, పెట్రోలు గుడ్డతో హ్యాండిల్ తుడిచాడు, గరుకు కాగితంతో రుద్దాడు, పొడి ఇనుము మీద పట్టీ బిగించాడు. అంతయ్య చేతులు కట్టుకుని చెబుతూ నిలబడ్డాడు. మాస్టారి చొక్కా మసి అయింది. చివరికి అంతయ్య పట్టీకి అటూ ఇటూ కొత్త రబ్బరు చుట్టి రెండు ముడులు వేశాడు.

"గీ రెండు ముడుల నడుమ జాగ మాది అమ్మా. మీ నూనె గీడికి రావొద్దు."

"బెత్తెడేగా, తీసుకో. దానికోసం సమ్మె మాత్రం కట్టకు."

బాపిరాజు వీధి చివరినుంచి జోరుగా తొక్కుకొచ్చాడు. అంతయ్య దారికి అడ్డంగా నిలుచున్నాడు. "ఇగ జారితే బిగించింది ఆంధ్రోల్లే" అన్నాడు. చక్రం అతని లుంగీ అంచుకు తగిలీ తగలకుండా ఆగింది. లీవరు కదల్లేదు.

"తప్పు నూనెది. నీ ఒట్టు చెల్లదు" అని శేషారత్నం తీర్పు చెప్పింది. బాపిరాజు పానా తిరిగి ఇచ్చాడు.

"ఏదీ, తుప్పు పట్టినట్టుందే" అంటూ ఆవిడ గిన్నెతో దగ్గరికి వచ్చింది.

అంతయ్య పానాను జేబులో దోపుకుని, వెనక్కి చూడకుండా చైతన్యపురి దారి పట్టాడు.