పొట్లాలక్క సంతకం

ముప్పై ఒక్కేళ్లుగా ఆవిడ పని పొట్లాలు కట్టడమే. ఎండబెట్టిన బూజులనీ పుట్టగొడుగులనీ దాచే ఆఫీసు అది. కాగితం మడిచి, ముక్క లోపల పెట్టి, పైన చీటీ అంటించి, నంబరు ప్రకారం బీరువాలో సర్దాలి. అందుకే అందరికీ పొట్లాలక్క అయిపోయింది. అసలు పేరు హాజరు పుస్తకానికి తప్ప ఎవరికీ తెలీదు.

ఆ పొట్లాలన్నిటిలో ఆవిడ ప్రాణం తోడేసింది ఒక పెచ్చు బూజు. పడిపోయిన మాను అడుగున సున్నం పూతలా అంటుకుని, కొయ్యని లోలోపలే గుల్ల చేసే రకం. గొడుగూ లేదు, కాడా లేదు. చూడ్డానికి ఏమీ లేదు కనకే పండితులు తగువులాడుకోవడానికి బోలెడు చోటుంది! పైన నున్నగా ఉందని మొదట ఒక కుటుంబంలో వేశారు. సూక్ష్మదర్శినిలో చూసి ఇంకొకరు కాదు పొమ్మన్నారు. ఆ తర్వాతాయన మరో కుటుంబంలో కలిపాడు. వాళ్లకేం, ఒక్క వాక్యం రాసి చేతులు దులుపుకుంటారు. నిచ్చెనెక్కి నూటపద్దెనిమిది పొట్లాలు దించి, పాత చీటీ తియ్యకుండా దాని కింద కొత్తది అంటించి, మరో బీరువాకి మోసేది పొట్లాలక్క. చీటీ మీద ఏరినవాళ్ల పేరుంటుంది, అదేమిటో తేల్చినవాళ్ల పేరుంటుంది. రాసిన చేతి పేరు ఉండదు. అరిగిన మోకాళ్ల ఊసు అసలే ఉండదు.

ఇప్పుడు ఆ బూజు మీదే పరిశోధన చేస్తున్న చిన్న డాక్టరమ్మ వంతు వచ్చింది.

"అక్కా, ఇది ఇన్నాళ్లూ అనుకున్నవాటిలో ఏదీ కాదు. జన్యువులు చూశాను. దీన్ని కొత్త ప్రజాతిగా విడదీసి కొత్త పేరే పెట్టాలి. సోమవారం వ్యాసం పంపేస్తున్నా!" అంది. ఐదేళ్ల కష్టం ఆ పిల్ల మొహంలో వెలిగిపోతోంది.

"ఏ పొట్లంలో ముక్కమ్మా?"

డాక్టరమ్మ చెప్పిన నంబరు పొట్లాలక్క మర్చిపోయేది కాదు.

ఒక పొట్లం మూసేదాకా ఇంకోటి విప్పకూడదన్నది అక్కడ మొదటి నియమం. పదకొండేళ్ల కిందట మోకాలు వాచి, రెండోసారి నిచ్చెనెక్కే ఓపిక లేక, ఆ నంబరుదీ ఇంకోటీ, రెండు పొట్లాలు ఒకేసారి దించి బల్ల మీద విప్పింది. ఫ్యాను గాలికి రెండు పెచ్చులూ ఎగిరి నేలమీద పడ్డాయి. ఏది దేనిదో! కాస్త నల్లటిది ఇందులోదే అయ్యుంటుందిలే అని సర్దేసింది. కిక్కురుమనలేదు.

ఇంకో పన్నెండు రోజుల్లో ఉద్యోగం అయిపోతుంది. నోరు మెదపకపోతే నాలుగు మంచిమాటలు చెప్పి సాగనంపుతారు. కానీ ఆ తప్పు రేపు ఈ పిల్ల పేరుతో అచ్చవుతుంది. మింగలేక కక్కలేక మధ్యాహ్నం దాకా కూర్చుని, లేచి వెళ్లి చెప్పేసింది.

డాక్టరమ్మ వ్యాసం మీంచి తలెత్తింది.

"ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదక్కా?"

"భయమేసిందమ్మా. ఆ తర్వాత అలిసిపోయాను."

"ఏ అడవిదో, ఏ మానుదో తెలియని ముక్కకి నేను పేరెలా పెడతాను? మళ్లీ ఏరుకొద్దామంటే ఆ అడవులు రెండూ కొట్టేశారు." కంప్యూటరు కట్టేసింది. తిట్టినా బాగుండుననిపించింది పొట్లాలక్కకి. డాక్టరమ్మ రెండు ఖాళీ చీటీలు ఆవిడ ముందుకి తోసింది. "రాయండి. కలిపింది మీరు, సంతకమూ మీదే ఉండాలి."

'రెండు పొట్లాల ముక్కలు కలిసిపోయాయి. ఏది దేనిదో తెలియదు' అని రాసింది. ఎందరెందరి పేర్లో గుండ్రంగా రాసిన చెయ్యి తన పేరు దగ్గర ఆగింది. ముప్పై ఒక్కేళ్లలో చీటీ మీదికి ఎక్కడం ఇదే మొదలు. ఇందుకా ఎక్కడం! ఏడుపొచ్చింది. అయినా ఇంటిపేరుతో సహా పూర్తిగా రాసింది. పాత చీటీల కింద అంటించి, జిగురు ఆరేదాకా వేలితో అదిమి పట్టుకుంది.

బీరువాలో పెట్టాల్సినవి రెండు పొట్లాలే. వాటి కోసం నిచ్చెన రెండుసార్లు ఎక్కింది.