వైరు లేని స్క్రీను మీద పాప

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఎవరైనా చెబితే "దానికి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుంది?" అని ఎగతాళి చేసేవాణ్ని. ఆదోనిలో చాలా ఏళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. చెడిపోయిన ప్రతిదానికీ ఒక కారణం దొరుకుతుందని నా నమ్మకం. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఎమ్మిగనూరు రంగప్ప మగ్గం చీరల అంచులకు డిజైన్లు కంప్యూటర్లో గీస్తాడు. పోయిన ఎండాకాలం ఆ కంప్యూటరు నా షాపుకు తెచ్చాడు. ఆఫీసుల్లో వాడి అమ్మేసిన చిన్న డబ్బా అది, బడిసంచిలో పట్టేంత. కొత్త డిజైన్ సాఫ్ట్‌వేరుకు గ్రాఫిక్స్ కార్డు కావాలన్నాడు. మామూలు కార్డు అందులో పట్టదు, పట్టినా దాని పవర్ సప్లై మోయలేదు. సగం ఎత్తుండే చిన్న కార్డు తెప్పించి, దాని వెనక ఉండే పొడుగు ఇనుప పట్టీ తీసి పొట్టి పట్టీ బిగించి కూర్చోబెట్టాను.

కొత్త కార్డు వేస్తే డిస్కు మొత్తం చెరిపేసి, విండోస్ కొత్తగా ఎక్కించి ఇవ్వడం మా బజారు అలవాటు. అడిగాను కూడా.

"డిజైన్లన్నీ పెన్‌డ్రైవ్‌లో ఉండాయిలే అన్నా, కొట్టేయ్" అన్నాడు రంగప్ప. కొట్టేశాను.

సాయంత్రం అతని భార్య సరోజ ఫోన్ చేసింది. "అన్నా, మా పాప వీడియో అట్లే ఉండాది గదా?"

రెండేళ్ల కింద జ్వరంతో పోయిన కూతురు. ఏడేళ్ల పిల్ల. కంప్యూటరు ముందు కూర్చుని తనే కెమెరా నొక్కి తీసుకున్న వీడియో ఒకటుందట. ఆ పిల్ల కదిలే బొమ్మ ఇంకెక్కడా లేదు. రంగప్ప ఇంట్లో లేనప్పుడు ఈమె ఒక్కతే చూసుకునేదట. అతనికి ఆ సంగతే తెలియదు.

"చూస్తానమ్మా" అన్నాను. మూడు రోజులు చూశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది. తెలిసిన సాఫ్ట్‌వేర్లన్నీ పెట్టి వెతికినా డిస్కులో ఏమీ మిగల్లేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఇద్దరూ వచ్చారు. నిజం చెప్పేయాలని డబ్బా విప్పే ఉంచాను. కార్డు బల్ల మీద ఉంది. డిస్కు నా చేతిలో ఉంది. మానిటరుకు కరెంటు వైరు తప్ప ఇంకేదీ లేదు. బొమ్మ వచ్చే వైరు చుట్టి పక్కన పెట్టాను. ఈ మూడూ గుర్తుపెట్టుకోమని మనవి.

"అమ్మా, తప్పయిపోయింది" అని నేను మొదలుపెట్టేలోగా సరోజ నా వెనక్కి చూసి "అదిగో!" అంది.

స్క్రీను మీద పిల్ల. పసుపు గౌను, ఒక జడ ఊడిపోయి ఉంది. శబ్దం లేదు. ముందుకు వంగి, పన్ను ఊడిన సందు చూపించి, పక్కకు తిరిగి ఎవరినో పిలిచింది. అర నిమిషం ఉంటుందేమో. తర్వాత స్క్రీను నల్లబడింది. ఫోను తీసి రికార్డు చేయాలన్న బుద్ధి కూడా నాకు పుట్టలేదు.

సరోజ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "ఉండాదన్నా. నేనే ఊరికే బయపడినాను."

రంగప్ప మాత్రం చుట్టిన వైరును చూశాడు, నా చేతిలోని డిస్కును చూశాడు. చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. నేను చెప్పలేదు. అన్నీ బిగించి ఇచ్చేశాను.

మానిటరులో పాత బొమ్మ నిలిచిపోయి ఉంటుందని ఒక స్నేహితుడన్నాడు. ఆ మానిటరు నా షాపుది. ఆ వీడియో దాని మీద ఎప్పుడూ ఆడలేదు.

అప్పటినుంచి సరోజ ఫోన్ చేస్తూనే ఉంది. "యాడ నొక్కల్లన్నా? రావడం ల్యా." మూడుసార్లు ఎమ్మిగనూరు పోయొచ్చాను. ఎందుకు పోతున్నానో నాకే తెలియదు. బాగుచేస్తున్నట్టు నటిస్తూ, వైర్లు పెరికి, ఖాళీ స్క్రీను ముందు కూర్చుంటాను. ఏమీ రాదు. అలాగని ఆ రోజు చూసింది అబద్ధమనలేను. ఎలా వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

పోయినసారి సరోజ చాలాసేపు నా పక్కనే కూర్చుని, పొయ్యి మీద అన్నం గుర్తొచ్చి లేచింది.

"ఆ పొద్దు పాప నన్నే పిల్సింది గదన్నా" అంది. "ఈసారి వస్తే, నేను వంటింట్లో ఉండినా కేకెయ్యి."

"సరేమ్మా" అన్నాను.