కాంటా ఎక్కకముందే

మడికొండలో ఐటీ పార్కు దాటి కొత్త ఇళ్ళ వైపు పోతుంటే ఎడమచేతి పక్కన ఒక రేకుల షెడ్డు కనిపిస్తుంది. అందులో రెండు గుర్రాలుంటాయి. పొద్దున ఆరింటికల్లా అక్కడ పిల్లలు వరుస కట్టి నిలబడతారు, సగానికి పైగా ఆడపిల్లలే. వాళ్ళకు స్వారీ నేర్పే మనిషి పేరు స్నేహలత. వయసు ముప్ఫై ఎనిమిది. ఇరవై రెండేళ్ళు పట్నంలో పందెపు గుర్రాలెక్కి, కిందటి చలికాలమే దిగింది. ఎత్తు చూస్తే ఎనిమిదో తరగతి పిల్లంత, గొంతు వింటే ఊరంత.

బతుకెట్లా గడిచిందమ్మా అని ఎవరడిగినా ఆమెది ఒకటే మాట. నాకన్నీ ఇచ్చినవాళ్ళే గానీ గుంజుకున్నవాళ్ళు లేరంటుంది. విన్నవాళ్ళకు తెలియదు గానీ, ఆమె ఆఖరి గెలుపును చేతిలోంచి ఊడగొట్టింది ఇంకెవరో కాదు, కన్నతల్లే. అదేం విడ్డూరమో చెప్పాలంటే కాస్త వెనక్కి పోవాలి.

ధర్మసాగర్‌లో స్నేహలత తండ్రి మొగిలయ్యకు ఒక తెల్ల గుర్రం ఉండేది. హన్మకొండలో పెళ్ళి బరాత్‌లకు దాన్ని కిరాయికి తోలుకుపోయేవాడు. పూసల కళ్ళెం, మెరుపుల జూలు అన్నీ పెళ్ళిరోజు సింగారాలే. మిగతా రోజుల్లో అది బిడ్డ చేతి గుర్రం. జీను లేకుండానే ఎక్కి చెరువు దాకా నీళ్ళకు తీసుకుపోయేది. ఒకనాటి బరాత్‌లో ఎవడో తలమాసినవాడు దాని కాళ్ళ దగ్గర పటాకుల లడీ అంటించాడు. పెళ్ళికొడుకు మెడ కరుచుకుని ఎలాగో బతికిపోయాడు, కళ్ళెం పట్టుకున్న మొగిలయ్య కిందపడ్డాడు. తుంటి విరిగింది. ఆర్నెల్లు మంచం, ఆ తర్వాత జన్మంతా కుంటు. గుర్రాన్ని అమ్మేశారు. ఆనాటి నుంచి తల్లి చిలుకమ్మకు గుర్రం అన్న మాట వినబడితే చాలు, ఒళ్ళు మండేది.

అట్లాంటి ఇంటికి పట్నం నుంచి ఆమె తమ్ముడు సారయ్య వచ్చాడు. రేసుకోర్సులో గుర్రాలకు దాణా పెట్టి మాలిష్ చేసే సైసు పని అతనిది. జాకీలు కావాలనుకునే పిల్లలకు అక్కడ శిక్షణ ఇస్తున్నారనీ, ఆడపిల్లలెవరూ రాలేదు గానీ రావద్దని రూలేమీ లేదనీ అన్నం తింటూ ఒక మాట జారాడు. పదహారేళ్ళ స్నేహలత కంచం ముందు నుంచి లేవకుండానే నేను పోతానంది. మూడు రోజులు ఆ ఇంట్లో పొయ్యి సరిగా వెలగలేదు. చిలుకమ్మ తమ్ముణ్ణి తిట్టిన తిట్లు రాస్తే పుస్తకమవుతుంది. మొగిలయ్య మాత్రం, పడ్డది నేను కదా, నాకు లేని భయం నీకెందుకని గొణిగాడు. నాలుగో రోజు చిలుకమ్మ బస్సు దాకా వచ్చి కూతురితో ఒక మాట అంది.

"పో. కని ఒక్కటి యాదుంచుకో. నువ్వు గుర్రం దిగి, ఇగ ఎక్క అన్ననాడే నిన్ను ముట్టుకుంట. అప్పటిదాంక నా చెయ్యి నీ మీద పడదు. ఒట్టు."

కోపంలో ఎవరైనా అంటారు, వారం తిరక్కుండా మరిచిపోతారు. చిలుకమ్మ మరిచిపోయే రకం కాదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడన్నారు, ఇక మొండి తల్లి సంగతి వేరే చెప్పాలా. కూతురు ఇంటికొస్తే పచ్చిపులుసు చేసేది, కంచం ముందు పెట్టి రెండడుగులు వెనక్కి జరిగేది. తలకు పెట్టుకొమ్మని నూనె సీసా గడప మీద పెట్టేది, జడ మాత్రం వేసేది కాదు. స్నేహలత కూడా తక్కువేం తినలేదు. ఎందుకవ్వా ఇట్లా అని ఒక్కసారైనా అడగలేదు.

పట్నంలో ఆమెకు మొదట బట్టలు మార్చుకోవడానికే చోటు లేదు. జాకీల గది మగవాళ్ళది. ఫస్టెయిడ్ గదిలో మార్చుకునేది. అక్కడ ఊడ్చే శోభారాణి చీపురు అడ్డం పెట్టుకుని తలుపు ముందు నిలబడితే డాక్టరైనా సరే బయట ఆగాల్సిందే. గుర్రాల యజమానులది ఇంకో వాదం. ఆడపిల్ల చేతుల్లో బలమెక్కడిది, ఆఖరి రెండొందల మీటర్లలో గుర్రాన్ని ఉరికించగలదా అని. అందుకని ముసలివి, కరిచేవి, గేటు తెరిచినా కదలనివి ఆమె వాటాకు వచ్చేవి. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు, మరి ఎక్కే మనిషి కూడా తప్పదు కదా. ఆ మనిషి ఈమె. ఎన్నిసార్లు పడిందో ఆమెకే లెక్క లేదు.

మూడో ఏడు ట్రైనర్ సారంగపాణి ఆమె కరిచే గుర్రానికి కళ్ళెం వేయడం చూశాడు. ఎక్కింది ఆడో మగో గుర్రానికి తెలియదు, చెయ్యి మంచిదో కాదో తెలుస్తుంది అని, తన దగ్గరున్న మంచి గుర్రాన్ని ఆమెకిచ్చాడు. అది గెలిచింది. అక్కడి నుంచి మొత్తం తొంభై ఒక్క గెలుపులు. ఆ సారు ఇయ్యకపోతే నేనెక్కడ, శోభారాణక్క తలుపు కాయకపోతే నేనెక్కడ, మామ ఆనాడు నోరు జారకపోతే అసలు నేనెక్కడ అని స్నేహలత ఇప్పటికీ వేళ్ళు మడిచి చెబుతుంది. ఏటా ఉగాదికి శోభారాణికి చీర తీసుకుపోతుంది.

కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్ళ బిడ్డ కావ్య జాకీ కావాలని వచ్చేనాటికి రేసుకోర్సులో ఆడవాళ్ళకు వేరే గది వచ్చింది. మనూరి పిల్ల అని స్నేహలత దగ్గరికి తీసింది. ముందు పడటం నేర్పింది, ఆ తర్వాతే ఎక్కడం. పిల్లకు చెయ్యి మంచిదే గానీ నాలుగేళ్ళయినా గెలుపు రాలేదు.

రెండేళ్ళ కింద స్నేహలతకు భుజం దగ్గరి ఎముక విరిగింది. చిలుకమ్మ దవాఖానకు వచ్చి తొమ్మిది రోజులు మంచం పక్కనే కూర్చుంది, చేతులు రెండూ కొంగులో చుట్టుకుని. ఒకరోజు నర్సు, జర పట్టుకుని లేపమ్మా అంటే లేచి బయటకు పోయి ఆయమ్మను పిలుచుకొచ్చింది. ఆ పూట స్నేహలత గోడవైపు తిరిగి పడుకుంది. ఎముక నొప్పికి ఏడ్వని మనిషి ఆనాడు ఏడ్చింది.

కిందటి వానాకాలంలో అదే ఎముక మళ్ళీ చిట్లింది. మూడోసారి అయితే చెయ్యి పైకి లేవదని డాక్టరు తేల్చేశాడు. అది నయమయ్యాక స్నేహలత ధర్మసాగర్ వచ్చి, వచ్చే ఆదివారం ఆఖరి పందెం, ఆ తర్వాత ఎక్కనని చెప్పింది. చిలుకమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. తలెత్తలేదు. నేనొస్త అంది. ఇరవై రెండేళ్ళలో ఆ మైదానం మొహం చూడని మనిషి.

ఆ వారమంతా స్నేహలత మనసు మనసులో లేదు. రెండూ కావాలనుకుంది, అమ్మ కళ్ళముందు ఒక గెలుపు, ఆ తర్వాత అమ్మ చెయ్యి. రెండోదాని మీదే ఎక్కువ ఫికర్. ఇన్నేళ్ళ అలవాటు, అన్నమాట ప్రకారం ముట్టుకుంటుందో లేక ఎప్పటిలాగే రెండడుగుల అవతలే నిలబడుతుందో.

ఆదివారం ఆమె ఎక్కిన గుర్రం మేఘమాల. దాని యజమాని హన్మకొండ బట్టల వ్యాపారి రామలింగం. ఆయనే ఆమె ఇంటివాళ్ళకు లోపలి పాసులు ఇప్పించాడు, గెలిచిన గుర్రాలు వచ్చి ఆగే కంచె లోపలికి. సారయ్య అక్కకు జాగ్రత్తలన్నీ చెప్పాడు. గుర్రం వెనక నిలబడొద్దు, గొడుగు తెరవొద్దు, కొంగు ఊపొద్దు. అసలుది మరిచిపోయాడు. పందెం అయ్యాక జాకీ గుర్రం దిగి, జీను ఊడదీసి, దానితో సహా కాంటా ఎక్కి తూగాలి. పందేనికి ముందు ఎంత తూగిందో అంతే తూగాలి. ఆ కాంటా ఎక్కేదాకా జాకీని ఎవరూ ముట్టుకోవద్దు. ముట్టుకుంటే, ఎవరైనా బరువు అందించారేమోనన్న అనుమానంతో గెలుపు పోయే ప్రమాదముంది. ముప్ఫై ఏళ్ళుగా అక్కడ పని చేస్తున్న సారయ్యకు అదొక చెప్పాల్సిన మాటని కూడా తోచలేదు.

పందెంలో ఎనిమిది గుర్రాలు. మలుపు దాకా మేఘమాల అయిదో చోట ఉంది. ఆఖరి మూడొందల మీటర్లలో స్నేహలత దాన్ని బయటి వైపుకి తీసి ఉరికించింది. పక్కనే ఇంకో గుర్రం, మీద కావ్య. ఇద్దరూ చివరిదాకా ఒకరికొకరు తగ్గలేదు. సగం గుర్రమంత తేడాతో స్నేహలత గెలిచింది. తొంభై రెండోది.

కంచె లోపలికి వచ్చి గుర్రం దిగింది. జీను ఊడదీసి చేతి మీద వేసుకుంది. కాంటా పది అడుగుల దూరంలో ఉంది. అప్పుడు చూసింది, చిలుకమ్మ వస్తోంది. చేతులు చాచి వస్తోంది. చెప్పులెక్కడో వదిలేసింది. మొగిలయ్య వెనక నుంచి పిలుస్తున్నా వినడం లేదు.

స్నేహలతకు రూలు తెలుసు. రెండడుగులు పక్కకు జరిగితే చాలు. ఆగవ్వా అని ఒక్క మాటంటే చాలు. ఆ మాటకు టైముంది కూడా. ఆమె జరగలేదు, అనలేదు. జీను పట్టుకుని అట్లాగే నిలబడింది.

చిలుకమ్మ వచ్చి బిడ్డను రెండు చేతులా చుట్టుకుంది. మొహమంతా తడిమింది, విరిగిన భుజం మీద చెయ్యి పెట్టింది. గుర్రం దిగినవ్ గదా బిడ్డా అంటోంది. సారయ్య కళ్ళెం పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే నెత్తి బాదుకున్నాడు.

ఆ తర్వాత జరగాల్సింది జరిగింది. అధికారులు లోపల విచారణ పెట్టారు. ఆమె వస్తుంటే చూశావా అని అడిగారు. చూశానంది. ఆపే వీలుండెనా అని అడిగారు. ఉండెనంది. లేదని చెప్పి ఉంటే ఒకవేళ వదిలేసేవాళ్ళేమో, వాళ్ళ మొహాలు అట్లాగే ఉన్నాయట. గానీ ఇరవై రెండేళ్ళు ఒక్క అబద్ధం లేకుండా కాంటా ఎక్కిన మనిషి, ఆఖరి రోజు ఎందుకాడుతుంది. గెలుపు కావ్యకు పోయింది.

తప్పు తప్పే. అది తనొక్కదాని గెలుపు కాదని స్నేహలతకు తెలుసు. రామలింగం దగ్గరికి పోయి చేతులు జోడించింది. ఆయన మొహం గంటుపెట్టుకుని పక్కకు తిరిగాడు. అది ఇప్పటికీ ఆమెకు ముల్లే. సారంగపాణి మాత్రం పోనీలేమ్మా అన్నాడు. కావ్య ఏడుస్తూ వచ్చి, అక్కా నాకీ గెలుపు వద్దంది. స్నేహలత ఆమెకు గట్టిగానే చీవాట్లు పెట్టింది. నాలుగేళ్ళు మలుపు దగ్గర తడబడ్డదానివి, ఇయ్యాల సగం గుర్రం దూరందాకా వచ్చినవ్, అది ఎవరు ఇస్తే వచ్చింది, నోరు మూసుకుని ఫోటో దిగు అని తోసింది. దిగేదాకా అక్కడే నిలబడింది.

సాయంత్రం రైల్లో నలుగురూ ఒకే వరుసలో కూర్చున్నారు. సారయ్య అప్పటికి సంగతంతా అక్కకు వివరంగా చెప్పాడు, చెప్పి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. భువనగిరి దాటాక చిలుకమ్మ తన చేతులు తానే చూసుకుంటూ, వీటితోనే ఊడగొట్టిన గదా బిడ్డా, నువ్వన్న చెప్పరాదా ఆగవ్వా అని, నేను ఆగకపోదునా అంది.

స్నేహలత మెల్లగా చెప్పింది.

"ఆగుమంటె ఆగుతవ్ అవ్వా, నాకెర్కే. ఆగినంక మల్ల వస్తవో రావో అని బయమైంది."

చిలుకమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మొగిలయ్య లేచి కుంటుకుంటూ తలుపు దగ్గరకు పోయి నిలబడ్డాడు. కాసేపటికి చిలుకమ్మ కూతుర్ని అటు తిరగమంది. పొద్దుటి నుంచి టోపీ కింద నలిగిన జుట్టు విప్పి, వేళ్ళతోనే చిక్కు తీసి, కాజీపేట వచ్చేలోపల జడ వేసింది.